ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరు ఏళ్ళ తరబడి నడవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంటులోనూ బంధువుల ఇళ్ళలోనూ ప్రింటరు మొరాయించినప్పుడల్లా నాకు ఫోను వస్తుంది. హాల్‌టికెట్ల రోజుల్లో, బడులు తెరిచే జూన్‌లో, పిల్లలకు ప్రాజెక్టు వర్కులు ఇచ్చే వారాల్లో ఈ ఫోన్లు మరీ ఎక్కువ. అడిగేవారు మారుతున్నారు గానీ సందేహాలు మారడం లేదు కనుక, వాటిని ఒకచోట చేర్చి జవాబులు రాశాను. ఎవరికి కావలసిన ప్రశ్నకు వారు నేరుగా వెళ్ళవచ్చు. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది.

## కొనే ముందు

కార్ట్రిడ్జ్ ప్రింటరు సగం ధరకే వస్తోంది కదా, ఇంక్ ట్యాంక్ ప్రింటరు ఎందుకు కొనాలి?

కార్ట్రిడ్జ్ అంటే ఇంకు అయిపోగానే మార్చే చిన్న డబ్బా, ట్యాంక్ అంటే బాటిల్‌తో మళ్ళీ నింపుకునే తొట్టి. ప్రింటరు ధర ఒక్కసారి పెట్టేది, ఇంకు ధర బతికినంత కాలం పెట్టేది. దుకాణంలో కార్ట్రిడ్జ్ పెట్టె మీద ఎన్ని పేజీలు వస్తాయో రాసి ఉంటుంది. కార్ట్రిడ్జ్ ధరను ఆ సంఖ్యతో అక్కడే భాగించి చూడండి. చిన్న కార్ట్రిడ్జ్‌లలో అది 100 నుంచి 200 పేజీల మధ్య ఉంటుంది కాబట్టి ఒక్కో పేజీకి రూపాయలే పడతాయి. ఎప్సన్ 003 నల్ల ఇంకు బాటిల్‌లో 65 మిల్లీలీటర్లు ఉంటాయి, దానికి కంపెనీ చెప్పే లెక్క 4,500 పేజీలు. అక్కడ లెక్క పైసల్లో తేలుతుంది. అయితే ఈ పేజీల సంఖ్య ఐఎస్‌ఓ/ఐఈసీ 24712 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని, కాగితం మీద కొద్ది భాగమే ఇంకు పడే నమూనా పేజీలతో కంపెనీ తన సొంత పద్ధతిలో కట్టినది. పేజీ నిండా రంగులున్న భారతదేశ పటాన్ని ప్రింట్ చేస్తే అలాంటి మామూలు పేజీలు ఎన్నింటికో సరిపోయే ఇంకు ఒక్కదానికే అయిపోతుంది.

ట్యాంకులు రాకముందు కార్ట్రిడ్జ్ ప్రింటర్లకు పక్కన సీసాలు పెట్టి, సన్నటి గొట్టాలతో ఇంకు అందించే ఏర్పాటును దుకాణాలవాళ్ళే బిగించి ఇచ్చేవారు. వాడకందారులకు కావలసింది అదేనని గ్రహించి ఎప్సన్ 2010లో ఇండొనేషియాలో ట్యాంకుతో కూడిన ప్రింటరును తెచ్చింది; తరువాత కెనన్, హెచ్‌పీ, బ్రదర్ కూడా అదే దారి పట్టాయి. నెలకు ముప్పై, నలభై పేజీలు దాటే ఇంటికి ట్యాంక్ ప్రింటరే సరైనదని నా అభిప్రాయం.

మేము నెలకు నాలుగైదు పేజీలే ప్రింట్ చేస్తాం. అయినా కొనుక్కోవచ్చా?

ఇంక్‌జెట్ వద్దనే చెబుతాను. ఇంకు నీటితో చేసినది, వాడకపోతే ఎండిపోతుంది. నాలుగైదు పేజీలకు వీధి చివరి జెరాక్స్ సెంటరే చాలు. ఇంట్లో తప్పనిసరిగా ఉండాలనుకుంటే నలుపు మాత్రమే వచ్చే చిన్న లేజర్ ప్రింటరు చూడండి. అందులో ఉండేది టోనరు పొడి కనుక నెలల తరబడి కదపకపోయినా ఎండిపోయే భయం లేదు. రంగులు కూడా కావాలి, వాడకం మాత్రం తక్కువ అంటే, ఇంకును కాగితం మీద చిమ్మే హెడ్ అనే భాగం కార్ట్రిడ్జ్‌కే అతికి ఉండే మోడల్ తీసుకోండి. అది పాడైనా కొత్త కార్ట్రిడ్జ్‌తో పాటు కొత్త హెడ్ వస్తుంది.

థర్మల్ అంటారు, పీజో అంటారు. మాకు తేడా ఏమిటి?

కెనన్, హెచ్‌పీ ప్రింటర్లలో ప్రతి నాజిల్ (హెడ్‌లో ఇంకు బయటికి వచ్చే సన్నటి రంధ్రం) వెనుకా ఒక సూక్ష్మమైన హీటర్ ఉంటుంది. అది ఇంకును క్షణకాలం మరిగించి, పుట్టిన బుడగతో చుక్కను బయటికి నెడుతుంది; ఇదే థర్మల్ పద్ధతి. ఎప్సన్, బ్రదర్ ప్రింటర్లలో కరెంటు తగలగానే వంగే పీజో పొర ఆ పని చేస్తుంది. నాణ్యతలో ఇంటి అవసరాలకు పెద్ద తేడా లేదు. తేడా తెలిసేది హెడ్ పాడైనప్పుడు: కెనన్, హెచ్‌పీ ట్యాంక్ మోడళ్ళలో చాలావాటికి హెడ్‌ను మనమే తీసి కొత్తది పెట్టుకోవచ్చు, పీజో హెడ్ ఎక్కువ కాలం మన్నుతుంది గానీ, మార్చవలసి వస్తే సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాలి, ఖర్చు కూడా ప్రింటరు ధరకు దగ్గరగా పోతుంది.

దుకాణంలో ఏమేం అడిగి తెలుసుకోవాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఎవరూ అడగనిది: హెడ్ శుభ్రమయ్యేటప్పుడు బయటికి పోయే ఇంకు చేరే డబ్బాను మనమే మార్చుకోగలమా? కెనన్ జీ2020, జీ3020 వంటి మోడళ్ళలో దాన్ని ఇంట్లోనే తీసి కొత్తది పెట్టుకోవచ్చు. ఈ సౌకర్యం లేని ప్రింటరు కొన్నేళ్ళకు బాగానే ఉండి కూడా ఆగిపోతుంది. తరువాత నల్ల ఇంకు పిగ్మెంటా (నీటిలో కరగని రేణువులున్నది), డై రకమా (నీటిలో కరిగే రంగు) అడగండి. ఆఫీసు కాగితాలు ఎక్కువ తీసేవారికి పిగ్మెంట్ మేలు. ఆ ఇంకు బాటిళ్ళు మీ ఊళ్ళో దొరుకుతున్నాయా, సర్వీస్ సెంటర్ మీ జిల్లాలో ఉందా అన్నవి కూడా చూసుకోవాలి. వారంటీలో ఏడాదితో పాటు పేజీల పరిమితి కూడా ఉంటుంది, రెండింటిలో ఏది ముందు పూర్తయితే అక్కడితో వారంటీ ముగుస్తుంది.

## మొదటి వారం

కొత్త ప్రింటరులో ఇంకు పోయగానే మట్టం బాగా తగ్గిపోయింది. ఎక్కడైనా కారుతోందా?

కారడం లేదు. ట్యాంకు నుంచి హెడ్ వరకూ ఉన్న ఖాళీ గొట్టాలన్నీ మొదటిసారి నిండాలి, హెడ్‌లోని గాలి పోవాలి. ఆ పని పది, పదిహేను నిమిషాలు పడుతుంది, అంతవరకూ ప్రింటరును ఆపకూడదు, మూత తీయకూడదు. మొదటి బాటిళ్ళ నుంచి తరువాతి వాటికన్నా తక్కువ పేజీలు రావడానికి కారణం ఇదే.

ప్రింటరును ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

చదునైన బల్ల మీద, కిటికీ ఎండ పడని చోట, ఏసీ గాలి నేరుగా తగలని చోట పెట్టాలి. పల్నాడులోనో రామగుండం వైపో మే నెల వడగాలి వీచే గదిలో హెడ్ త్వరగా ఎండుతుంది; సముద్రతీరపు ఊళ్ళలో తేమకు కాగితం మెత్తబడుతుంది. వంటింటి గోడ పక్కన పెడితే తాలింపు జిడ్డు కాగితం లాగే రోలర్ల మీద పేరుకుంటుంది.

పేపర్ పెట్టే వెనుక ట్రే నోరు తెరుచుకుని ఉంటుంది కనుక దుమ్ము, పిన్నులు, పిల్లల రబ్బరు ముక్కలు, చీమలు, ఒక్కోసారి బల్లి కూడా అందులోకి చేరతాయి. పని అయ్యాక మిగిలిన కాగితాలు తీసి, ట్రే మూసి, పాత పంచెనో దుప్పటినో కప్పి ఉంచడం వల్ల నేను చూసిన ఫిర్యాదుల్లో చాలా భాగం రాకుండానే పోతాయి.

రాత్రి పడుకునే ముందు స్విచ్‌బోర్డు దగ్గర ఆపేస్తే సరిపోదా?

సరిపోదు. ఇది చిన్న అలవాటుగా కనిపిస్తుంది గానీ ప్రింటర్ల ఆయుష్షును దీనికన్నా ఎక్కువగా తగ్గించేది మరొకటి లేదని నా అనుభవం. ప్రింటరుకు కుడి చివర రబ్బరు అంచు ఉన్న చిన్న గిన్నె వంటి భాగం ఒకటి ఉంటుంది. పని లేనప్పుడు హెడ్ అక్కడికి వెళ్ళి కూర్చుంటుంది, ఆ రబ్బరు కిందనుంచి పైకి లేచి నాజిళ్ళను మూసేస్తుంది. మూత పెట్టిన పెన్ను ఎండనట్టే హెడ్ కూడా ఎండదు. ప్రింటరు మీద ఉన్న సొంత బటన్ నొక్కితే దీపం కొద్దిసేపు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, లోపల హెడ్ కుడివైపుకు జరిగిన చప్పుడు, ఆ వెంటనే టక్కుమని మూత పడిన చప్పుడు వినిపిస్తాయి. అప్పుడు దీపం ఆరుతుంది. ఆ తరువాతే గోడ స్విచ్ కట్టాలి.

మా పెద్దమ్మగారి ఇంట్లో రాత్రి పదింటికి స్విచ్‌లన్నీ వరుసగా కట్టేసే అలవాటు ఉంది. ఏదైనా ప్రింట్ అవుతుండగానో, ప్రింటరు తనను తాను శుభ్రం చేసుకుంటుండగానో కరెంటు తీసేస్తే హెడ్ మధ్యలోనే మూత లేకుండా ఉండిపోతుంది. ఆవిడ ప్రింటరులో ఎనిమిది నెలలకే నలుపు, ఎరుపు రెండూ మూసుకుపోయాయి. "మొదట దీని బటన్, తరువాత గోడ బటన్" అని ఇప్పుడు ప్రింటరు మీదే చీటీ అంటించి పెట్టాం. కరెంటు పోయి అలా ఆగితే, రాగానే ఒకసారి ఆన్ చేసి, బటన్‌తోనే ఆపండి.

ఇన్వర్టర్ మీద నడపవచ్చా?

నడపవచ్చు. ఇంటి ఇంక్‌జెట్ ప్రింటరు పని చేసేటప్పుడు కూడా తీసుకునేది పది, ఇరవై వాట్లే. లేజర్ ప్రింటరు సంగతి వేరు; అందులో హీటర్ ఉంటుంది కనుక ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, దాన్ని చిన్న యూపీఎస్‌కు తగిలించకూడదు.

## రోజువారీ వాడకం

వారానికి ఒక పేజీ అయినా తీయాలంటారు. ఇది ఇంకు అమ్ముకోవడానికి చెప్పే మాటా, నిజమా?

నిజమే. ఇంక్‌జెట్ ప్రింటరు అరిగిపోయి పాడవడం తక్కువ, ఆగిపోయి పాడవడమే ఎక్కువ. వారానికో, పది రోజులకో ఒకసారి నాలుగు రంగులూ ఉన్న చిన్న బొమ్మ ఒకటి ప్రింట్ చేయండి. పేజీ నిండా అక్కర్లేదు, ఒక్కో రంగుకు రెండంగుళాల పట్టీ చాలు. నలుపు అక్షరాలు మాత్రమే తీస్తే మిగతా మూడు రంగుల నాజిళ్ళు కదలకుండానే ఉంటాయి. ఒక వైపు వాడేసిన కాగితం దీనికి పనికొస్తుంది, ముడతలు, పిన్నులు లేకుండా ఉంటే చాలు.

ఆరు నెలలు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తున్నాం. ప్రింటరును ఎలా వదిలి వెళ్ళాలి?

ఇది తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న. వెళ్ళే ముందు నాజిల్ చెక్ (అన్ని నాజిళ్ళూ పనిచేస్తున్నాయో చూపే పరీక్ష పేజీ) తీసి అన్ని రంగులూ వస్తున్నాయని చూసుకోండి, ట్యాంకులను కనీసం సగానికి పైగా నింపండి, ప్రింటరు బటన్‌తో ఆపి, ప్లగ్ తీసి, గుడ్డ కప్పండి. ట్యాంకులు ఖాళీ చేయడం, హెడ్ తీసి విడిగా పెట్టడం వంటివి చేయవద్దు. ఇంటికి వచ్చి మొక్కలకు నీళ్ళు పోసేవారు ఎవరైనా ఉంటే రెండు మూడు వారాలకు ఒకసారి ఆన్ చేసి ఒక నాజిల్ చెక్ పేజీ తీయమనండి. చాలా మోడళ్ళలో కంప్యూటర్ లేకుండా ప్రింటరు బటన్లతోనే ఆ పేజీ వస్తుంది. ఏ బటన్లు నొక్కాలో కాగితం మీద రాసి పక్కన పెడితే వారికి సులువు.

ఏ పేపర్ కొనాలి? వానాకాలంలో రెండు మూడు కాగితాలు కలిసి వెళ్ళిపోతున్నాయి.

మామూలు వాడకానికి 75 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఎ4 కాపియర్ పేపర్ సరిపోతుంది. అంతకన్నా పలుచనిది తీసుకుంటే రంగుల పేజీ తడికి అలలు తేలుతుంది, వెనుకకు కూడా ఇంకు కనిపిస్తుంది. వానాకాలంలో కాగితం గాలిలోని తేమ పీల్చి ఒకదానికొకటి అంటుకుంటుంది. 500 కాగితాల కట్టను దాని సొంత కవరులోనే చుట్టి, ప్లాస్టిక్ సంచిలో ఉంచి, అవసరమైనన్నే తీసుకోండి. ట్రేలో పెట్టే ముందు ఆ బొత్తిని రెండు చేతులా పట్టుకుని పేక ముక్కలను విప్పినట్టు అంచులు విడదీసి, బల్ల మీద తట్టి సరిచేయండి. ట్రేలో ఇరవై, ముప్పై కాగితాలకు మించి పెట్టకపోతే వానాకాలం ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

నలుపు మాత్రమే తీస్తున్నా కలర్ ఇంకు ఎందుకు తగ్గిపోతోంది?

మూడు కారణాలున్నాయి. హెడ్ శుభ్రం చేసుకునే ప్రతిసారీ ప్రింటరు అన్ని రంగులనూ కొద్దికొద్దిగా బయటికి పంపుతుంది. మామూలు సెట్టింగులో తెర మీద నల్లగా కనిపించే అక్షరాలు, ముఖ్యంగా బూడిద రంగు భాగాలు, మూడు రంగుల కలయికతో ప్రింట్ కావచ్చు. ప్రింట్ ఇచ్చేటప్పుడు గ్రేస్కేల్ (నలుపు, బూడిద ఛాయలు మాత్రమే) ఎంచుకుంటే ఇది తగ్గుతుంది. పేపర్ రకం దగ్గర పొరపాటున ఫోటో పేపర్ అని ఉండిపోతే, పిగ్మెంట్ నలుపు వాడే ప్రింటర్లు ఆ నలుపును పక్కన పెట్టి రంగుల నుంచే నలుపు కలుపుకుంటాయి. ప్రింట్ నల్లగా కాక ముదురు గోధుమ ఛాయలో వస్తుంటే ముందు చూడవలసింది ఈ మూడోదే.

బయట దొరికే చవక ఇంకు పోయవచ్చా?

వారంటీ ఉన్నంతకాలం వద్దు. ఆ తరువాత మీ ఇష్టమే గానీ, ట్యాంక్ ప్రింటర్లలో అసలు ఇంకే పేజీకి పైసల్లో పడుతున్నప్పుడు ఆదా చేసేది ఏడాదికి కొన్ని వందలు, పణంగా పెట్టేది వేల రూపాయల హెడ్. నేను మాత్రం పోయను. కార్ట్రిడ్జ్ ప్రింటర్ల విషయంలో నింపించుకోవడంలో అర్థముంది, అక్కడ హెడ్ పోయినా కార్ట్రిడ్జ్‌తోనే పోతుంది. అయితే కొన్ని హెచ్‌పీ మోడళ్ళు కంపెనీ చిప్ లేని కార్ట్రిడ్జ్‌లను అప్‌డేట్ తరువాత తిరస్కరిస్తాయి, అది ముందే తెలుసుకోవాలి. ఏ ఇంకు పోసినా డై రకం ఉన్న ట్యాంకులో పిగ్మెంట్ పోయకూడదు.

పొరపాటున పసుపు ట్యాంకులో నల్ల ఇంకు పోశాను. ఇప్పుడేం చేయాలి?

వెంటనే ఆపండి, ప్రింట్ ఇవ్వవద్దు, క్లీనింగ్ అసలే వద్దు. ఇంకు కదలనంతవరకూ కలుషితమైనది ట్యాంకు ఒక్కటే. మందుల దుకాణంలో దొరికే పెద్ద సిరంజికి సన్నటి గొట్టం తొడిగి ట్యాంకులోని ఇంకునంతా తీసేసి, అసలు రంగు కొద్దిగా పోసి మళ్ళీ తీసి, రెండు మూడుసార్లు అలా కడిగాక నింపండి. అప్పటికే ప్రింట్లు తీసి ఉంటే గొట్టాల్లోకి కూడా వెళ్ళి ఉంటుంది. అప్పుడు సర్వీస్ మనిషిని పిలవడమే మంచిది.

హాల్‌టికెట్ మీద నీటి చుక్క పడితే అక్షరాలు కరిగిపోయాయి. ఇంకు నకిలీదా?

నకిలీదే కానక్కర్లేదు. డై ఇంకు నీటిలో కరిగే రంగు. కాగితపు పీచులోకి ఇంకుతుంది, తడి తగిలితే మళ్ళీ కదులుతుంది. ఎప్సన్ 003 వంటివాటిలో నలుపు కూడా ఈ రకమే. కెనన్ జీఐ-790, హెచ్‌పీ జీటీ53 వంటి నల్ల ఇంకులు పిగ్మెంట్ రకం. అందులో కరగని రేణువులు కాగితం మీదే నిలుస్తాయి కనుక నీటికి అంతగా చెదరవు. మీది డై ఇంకు అయితే హాల్‌టికెట్‌ను పారదర్శకమైన కవరులో పెట్టి పంపండి, రెండో కాపీ ఒకటి జెరాక్స్ సెంటర్‌లో తీయించండి. లేజర్ ప్రింటు, జెరాక్సు నీటికి కరగవు. పరీక్ష రోజు చెమట చేతుల్లో బార్‌కోడ్ చెదిరిపోయిన పిల్లల ఆందోళన నేను దగ్గరగా చూశాను, ఆ కాపీకి అయ్యే రెండు మూడు రూపాయలకు వెనుకాడవద్దు.

తెలుగు ఫైలు ప్రింట్ చేస్తే గజిబిజి అక్షరాలు వస్తున్నాయి. ప్రింటరు తప్పా?

ప్రింటరు తప్పు కాదు. డీటీపీ సెంటర్లలో అను వంటి పాత ఫాంట్లతో టైపు చేసిన ఫైలును ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు స్థానంలో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. టైపు చేసినవారి దగ్గరే పీడీఎఫ్‌గా మార్పించి తెచ్చుకోండి. తెర మీద తెలుగు సరిగానే ఉండి కాగితం మీద ఒత్తులు విడిపోతే, అడోబీ రీడర్‌లో ప్రింట్ ఇచ్చేటప్పుడు అడ్వాన్స్‌డ్ అన్నచోట "ప్రింట్ యాజ్ ఇమేజ్" ఎంచుకోండి. పేజీ కాస్త నెమ్మదిగా వస్తుంది గానీ తెర మీద కనిపించినట్టే వస్తుంది.

పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు ఇంట్లో తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. 180 జీఎస్‌ఎం లేదా అంతకన్నా మందమైన గ్లాసీ పేపర్ తీసుకుని, పేపర్ రకంలో కూడా అదే ఎంచుకోవాలి, మెరిసే వైపే ఇంకు పడాలి. అంచుల వరకూ వచ్చే బోర్డర్‌లెస్ ప్రింట్ అవసరమైతేనే వాడండి. అంచు దాటి చిమ్మిన ఇంకు ప్రింటరు లోపల వృథా ఇంకును పీల్చే ప్యాడ్‌లోకి పోతుంది.

## ఇబ్బందులు వచ్చినప్పుడు

ప్రింట్‌లో అడ్డంగా తెల్లటి గీతలు వస్తున్నాయి. ఎన్నిసార్లు క్లీనింగ్ చేయాలి?

ముందు నాజిల్ చెక్ తీయండి. నిచ్చెన మెట్లలా సన్నటి గీతలు నాలుగు రంగుల్లో వరుసగా వస్తాయి. ఎక్కడ మెట్టు విరిగి ఉంటే అక్కడి నాజిల్ మూసుకుపోయిందని అర్థం. ఒక క్లీనింగ్, వెంటనే ఒక నాజిల్ చెక్, ఈ క్రమంలో మూడుసార్లకు మించి చేయవద్దు. ప్రతిసారి వచ్చిన పేజీ మీద ఒకటి, రెండు, మూడు అని రాసి పక్కపక్కన పెట్టి చూడండి. విరిగిన మెట్లు తగ్గుతుంటే దారిలో ఉన్నట్టే. తేడా లేకపోతే ప్రింటరు ఆపేసి కనీసం 12 గంటలు వదిలేయండి. ఈ విరామంలో ఎండిన ఇంకు మెత్తబడుతుంది, హెడ్‌లో చేరిన గాలి బుడగలు పైకి పోతాయి. మరునాడు మళ్ళీ ఒక్కసారి చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

కంగారులో ఒకే రోజు పది, పదిహేను క్లీనింగులు చేసేవారున్నారు. దానివల్ల ఇంకు పోవడమే కాదు, వాడేసిన ఇంకు చేరే ప్యాడ్ నెలల పాటు నిండవలసినది ఒక్క రోజులో నిండుతుంది. పవర్ క్లీనింగ్, డీప్ క్లీనింగ్ అన్న పేర్లతో ఉండేవి మరింత ఎక్కువ ఇంకు తీసుకుంటాయి. ట్యాంకులు కనీసం మూడో వంతు నిండి ఉన్నప్పుడే, ఆఖరి ప్రయత్నంగా చేయాలి.

ఎంత చేసినా ఒక రంగు అసలే రావడం లేదు. హెడ్ పోయినట్టేనా?

వెంటనే ఆ నిర్ణయానికి రావద్దు. ట్యాంకు మట్టం ఎప్పుడైనా కింది గీత కన్నా దిగిందా? దిగితే గొట్టంలోకి గాలి చేరుతుంది, హెడ్‌కు ఇంకు అందదు. పారదర్శకమైన గొట్టాలు కనిపించే మోడళ్ళలో టార్చి వేసి చూస్తే రంగు మధ్యమధ్యలో తెగిన ఖాళీలు కనిపిస్తాయి. ట్యాంకు నింపి, ఒక రాత్రి ఆగి, ఒక పవర్ క్లీనింగ్ చేస్తే గాలి పోవచ్చు. కంప్యూటర్ తెర మీద కనిపించే ఇంకు మట్టం చాలా మోడళ్ళలో లెక్క కట్టిన అంచనా మాత్రమే, ట్యాంకును కంటితో చూడటమే నమ్మదగినది.

హెడ్ అతికి ఉన్న కార్ట్రిడ్జ్ అయితే, శుభ్రమైన టిష్యూను గోరువెచ్చని నీటితో తడిపి, నాజిళ్ళున్న కింది వైపును దాని మీద ఒక నిమిషం ఆనించి ఉంచండి. రంగు మచ్చ సమంగా దిగితే దారి తెరుచుకున్నట్టు. బంగారు రంగు విద్యుత్ పట్టీలను వేళ్ళతో తాకకూడదు, మరిగే నీళ్ళు వాడకూడదు.

అక్షరాలు రెండుగా, నిలువు గీతలు వంకరగా వస్తున్నాయి.

ప్రింటరు హెడ్‌ను అటూ ఇటూ నడుపుతూ రెండు దిశల్లోనూ ప్రింట్ చేస్తుంది. ఆ రెండూ కలవకపోతే ఇలా జరుగుతుంది. సెట్టింగుల్లో హెడ్ అలైన్‌మెంట్ చేసి, వచ్చిన నమూనాల్లో కలిసినదాని సంఖ్య ఎంచుకోండి. అయినా తగ్గకపోతే, లేదా హెడ్ పక్కగోడకు కొట్టుకుంటున్న చప్పుడు వస్తుంటే, హెడ్ వెనుక అడ్డంగా సాగిన సన్నటి పారదర్శక పట్టీని చూడండి. దాని మీద కంటికి ఆనని గీతలుంటాయి, హెడ్ తానెక్కడుందో వాటిని బట్టే తెలుసుకుంటుంది. ప్రింటరు ఆపి, కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో ఆ పట్టీని లాగకుండా తుడవండి. పక్కనున్న ఇనుప కడ్డీ గ్రీజు దానికి అంటకుండా జాగ్రత్త పడాలి.

కాగితం లాగడం లేదు, గర్రుమని తిరిగి ఆగిపోతోంది.

కాగితం లాగే రబ్బరు రోలరు మీద కాగితపు పిండి పేరుకుని నున్నబడి ఉంటుంది. ప్లగ్ తీసి, నీటిలో ముంచి బాగా పిండిన గుడ్డతో రోలరును చుట్టూ తుడవండి; మళ్ళీ గరుకుగా తగిలితే పని అయినట్టే. ఇరుక్కున్న కాగితాన్ని అది కదులుతున్న దిశలోనే, రెండు చేతులతో నెమ్మదిగా లాగాలి. చిన్న ముక్క లోపల ఉండిపోయినా మళ్ళీ మళ్ళీ ఇరుక్కుంటుంది కనుక బయటికి వచ్చిన ముక్కలను కలిపి పూర్తి పేజీ అయిందో లేదో చూసుకోండి.

ఫోను నుంచి ప్రింట్ ఇస్తే "ఆఫ్‌లైన్" అని వస్తోంది.

తక్కువ ధర ప్రింటర్లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుకుంటాయి. రౌటర్ కొత్తగా మార్చాక, లేదా పాస్‌వర్డ్ మార్చాక ప్రింటరును మళ్ళీ జతచేయాలి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఈ ఇబ్బంది వస్తుంటే రౌటర్ ప్రతిసారీ ప్రింటరుకు కొత్త చిరునామా ఇస్తున్నట్టు; రౌటర్ సెట్టింగుల్లో దానికి స్థిరమైన ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) కేటాయిస్తే ఆగిపోతుంది.

## ఏళ్ళు గడిచాక

ప్రింటరు బాగానే ఉంది, కానీ ఇంక్ ప్యాడ్ ఆయుష్షు తీరిందని చెప్పి ఆగిపోయింది. ఇది మోసమా?

మోసం కాదు గానీ, కొనేటప్పుడు ఎవరూ చెప్పకపోవడం అన్యాయమే. క్లీనింగ్‌లో బయటికి పోయిన ఇంకంతా ప్రింటరు అడుగున ఉన్న దళసరి దూది పట్టీల్లోకి చేరుతుంది. లోపల ఒక లెక్క నడుస్తూ ఉంటుంది. అది పరిమితి చేరగానే ఇంకు పొంగి బల్ల మీదికో, లోపలి సర్క్యూట్ మీదికో కారకూడదని ప్రింటరు తనంతట తానే ఆగిపోతుంది. పాత కెనన్ మోడళ్ళలో 5బీ00 అన్న సంకేతం, ఎప్సన్ మోడళ్ళలో ఇంక్ ప్యాడ్ గురించిన సందేశం దీన్ని సూచిస్తాయి.

సరైన పరిష్కారం ప్యాడ్ మార్చి, లెక్కను సున్నా చేయించడం. సర్వీస్ సెంటర్‌లో ఈ రెండూ చేస్తారు. సికింద్రాబాద్‌లోని సీటీసీ వంటి కంప్యూటర్ మార్కెట్లలో కూడా చేసేవారు దొరుకుతారు. లెక్కను మాత్రమే సున్నా చేసే సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది కదా అని చాలామంది అక్కడితో ఆపుతారు, దాన్ని నమ్మవద్దు. మా వీధిలో ఒకరి ప్రింటరు అలా రెండుసార్లు రీసెట్ చేసినది విప్పి చూశాను. ప్యాడ్ వాన నీటిలో నానిన బొంతలా బరువెక్కి, వేలితో తాకగానే నల్లటి ఇంకు ఊరింది, ఒక మూల నుంచి అప్పటికే అడుగు ప్లాస్టిక్ మీదికి పాకింది. పైగా తెలియని చోట తెచ్చుకున్న ఆ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లోకి వైరస్ కూడా రావచ్చు. డబ్బా మనమే మార్చుకునే మోడల్ అయితే కొత్త డబ్బా కొని పెడితే చాలు, ప్రింటరు దానంతట అదే గుర్తిస్తుంది.

ఇల్లు మారుతున్నాం. ట్యాంకుల్లో ఇంకు ఉండగా ఎలా తీసుకెళ్ళాలి?

బటన్‌తో ఆపి, హెడ్ కుడి చివరకు చేరిందని చూసి, ట్యాంకు మూతలు గట్టిగా బిగించండి. కొన్ని మోడళ్ళకు రవాణా సమయంలో ఇంకు దారిని మూసే తాళం ఉంటుంది, ఉంటే దాన్ని మూసిన స్థానానికి తిప్పండి. పెద్ద ప్లాస్టిక్ సంచిలో కట్టి, పెట్టెలో నిటారుగా పెట్టి, ప్యాకర్ల లారీలో కాక మీ కారులోనే తీసుకెళ్ళండి. కొత్త ఇంట్లో తాళం తెరిచి, ఒక రాత్రి కదలకుండా ఉంచి, నాజిల్ చెక్‌తో మొదలుపెట్టండి.

మూడేళ్ళ కిందటి ఇంకు బాటిల్ దొరికింది. వాడవచ్చా?

పెట్టె మీద తేదీ దాటి ఉంటే వాడవద్దు. మూత తెరిచిన బాటిల్ అయితే ఆరు నెలల్లోపు పూర్తి చేయాలి. ఆఫర్ ఉందని ఒకేసారి నాలుగు సెట్లు కొనడం ఇంటి వాడకానికి పనికిరాని పని.

రిపేరుకు అడిగిన డబ్బు పెడితే సగం కొత్తది వస్తుంది. బాగు చేయించాలా, మార్చాలా?

ఏం పాడైందో బట్టి చెప్పాలి. రోలరు, ప్యాడ్, పవర్ సప్లై, మనమే మార్చుకోగల హెడ్ అయితే అయిదేళ్ళ ప్రింటరుకైనా చేయించవచ్చు. ట్యాంక్ ప్రింటరులో విలువైన భాగాలు ఇంకా బాగానే ఉంటాయి. పీజో హెడ్, లేదా మెయిన్ బోర్డు పోయిందంటే, ఖర్చు కొత్త ప్రింటరు ధరలో సగం దాటినచోట మార్చడమే నయం. హెడ్ పోయిందని చెప్పేవారిని నాజిల్ చెక్ పేజీ చూపించమని అడగండి. గొట్టంలో గాలి ఉన్నందుకు హెడ్ మార్చమన్న సందర్భాలు నాకు తెలుసు. స్కానర్ బాగుంటే, ప్రింట్ రాకపోయినా చాలా మోడళ్ళలో స్కానింగ్‌కు వాడుకోవచ్చు.

ఇక పనికిరాదనుకున్న ప్రింటరును పాత ఇనుప సామానుకు వేయవచ్చా?

వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం ప్రింటర్లు, కార్ట్రిడ్జ్‌లు ఈ-వ్యర్థాల జాబితాలో ఉన్నాయి. వాటిని నమోదైన రీసైక్లర్లకు చేర్చే బాధ్యత తయారీ సంస్థలది. సంస్థ కస్టమర్ కేర్‌కు ఫోను చేసి, మీ ఊరికి దగ్గరలోని సేకరణ కేంద్రం అడగండి. ఇచ్చే ముందు మిగిలిన ఇంకును సిరంజితో తీసి పాత బాటిళ్ళలో బిగించి ప్రింటరుతో పాటే ఇవ్వండి, సింకులో పారబోయవద్దు. వైఫై ఉన్న మోడల్ అయితే సెట్టింగుల్లో ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ అందులోనే ఉంటుంది. స్కానర్ అద్దం మూత కూడా ఒకసారి ఎత్తి చూడండి, ఎవరిదో ఒరిజినల్ సర్టిఫికెట్ అక్కడ ఉండిపోయిన సందర్భాలు నేను రెండు చూశాను.